సూదిపని గిల్డులు

నిర్వచనం

ఒక ఊరిలోనో ప్రాంతంలోనో ఎంబ్రాయిడరీ కుట్టేవారు సభ్యులుగా చేరి, నియమంగా కలుసుకుంటూ, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ, విడిగానూ ఉమ్మడిగానూ పనులు చేపట్టే సంఘాన్ని సూదిపని గిల్డు అంటారు. బట్ట మీద దారంతో కుట్టే ఎంబ్రాయిడరీ దీనికి ప్రధానం. కాన్వాసు పని, లేసు, క్విల్టు, పూసల పని కూడా చాలా గిల్డులలో కనిపిస్తాయి. నేటి గిల్డు సభ్యులలో ఎక్కువమందికి ఈ పని జీవనోపాధి కాదు. తీరిక వేళ చేసే పనిని వృత్తిపనికి తగిన శ్రద్ధతో చేయడం వీరి లక్షణం. గిల్డు చేసిన మరో మేలు కుట్టినవారి పేరును నమోదు చేయడం. ఎంబ్రాయిడరీ చరిత్రలో బట్టలు మిగిలినంతగా పేర్లు మిగల్లేదు. అందుచేత ఈ వ్యాసంలో ఆ విషయం పలుచోట్ల వస్తుంది.

పేరు, పరిభాష

ప్రాచీన భారతంలో చేతివృత్తులవారి సంఘాలకు ‘శ్రేణి’ అని పేరు. మంద్‌సోర్ శాసనం దశపురంలో స్థిరపడిన పట్టు నేతగాళ్ల శ్రేణి సూర్యదేవాలయం కట్టించిన సంగతి చెబుతుంది. ఆ గుడి నిర్మాణం క్రీ.శ. 436లో, మరమ్మతు 473లో జరిగాయి. ఐరోపాలో మధ్యయుగపు గిల్డు కూడా ఇటువంటి వృత్తిసంఘమే. శిష్యరికం, పని నాణ్యత, అమ్మకం దాని అదుపులో ఉండేవి. 19వ శతాబ్దపు సూదిపని సంఘాలు మరో రకానివి. వాటిలో చాలా వరకు బతుకుతెరువు అవసరమైన స్త్రీలకు గౌరవంగా పని కల్పించడానికి పుట్టాయి. 20వ శతాబ్దంలో వచ్చిన గిల్డులు అభిరుచి, విద్య ప్రధానంగా నడిచేవి. మూడింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల గందరగోళం కలుగుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా మూడో రకం గురించి.

‘టాపెస్ట్రీ’ అనే మాట విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. టాపెస్ట్రీ అంటే మగ్గం మీద రంగు పేక పోగులతో బొమ్మను నేసిన బట్ట. ఎంబ్రాయిడరీ అంటే ముందే నేసి ఉన్న బట్ట మీద కుట్టిన బొమ్మ. బేయూ టాపెస్ట్రీగా లోకమంతటికీ తెలిసిన 11వ శతాబ్దపు కృతి నిజానికి నార బట్ట మీద ఉన్ని దారంతో చేసిన ఎంబ్రాయిడరీ. తెలుగునాట దీనికి తిరగేసిన ఉదాహరణ ‘మగ్గం వర్క్’. పేరులో మగ్గం ఉన్నా ఇందులో నేత లేదు. నాలుగు చెక్కల చట్రానికి బట్టను బిగించి, జరీ, చమ్కీలు, పూసలు కుట్టే జర్దోసీ, ఆరీ పనులను ఇలా పిలుస్తారు.

చరిత్ర

*మధ్యయుగం.* 12 నుంచి 14వ శతాబ్దాల మధ్య ఇంగ్లండులో చేసిన చర్చి వస్త్రాల కుట్టుపని ‘ఓపస్ ఆంగ్లికానమ్’ పేరుతో ఐరోపా అంతటా ప్రసిద్ధి పొందింది. పట్టు దారంతో, వెండి బంగారు తీగలతో కుట్టిన ఆ వస్త్రాలు పోపు భాండాగారం దాకా వెళ్లాయి. వాటిని కుట్టినవారి పేర్లు మాత్రం చాలా అరుదుగా తెలుసు. తెలిసిన కొద్దిమందిలో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌కు చెందిన మేబెల్ ఒకరు. ఆమె మూడో హెన్రీ రాజు కోసం పని చేసింది. ఆమె పేరు మనకు చేరింది బట్ట మీద నుంచి కాదు, రాజు ఖర్చుల లెక్కల నుంచి. లండన్ ఎంబ్రాయిడరీ పనివారి సంఘమైన బ్రోడరర్స్ కంపెనీకి మొదటి ఎలిజబెత్ రాణి 1561లో సనదు ఇచ్చింది. ఆ సంఘం నేటికీ ఉంది.

*19వ శతాబ్దం.* 1872లో లేడీ విక్టోరియా వెల్బీ లండన్‌లో ఒక సూదిపని పాఠశాల ప్రారంభించారు. మొదట అది స్లోన్ వీధిలో ఒక టోపీల దుకాణం పైగదిలో నడిచింది. మరుగున పడుతున్న ఎంబ్రాయిడరీ పద్ధతులను బతికించడం, చదువుకున్నా ఆధారం లేని స్త్రీలకు సంపాదన చూపడం దాని ఉద్దేశాలు. విక్టోరియా రాణి ఆదరణతో 1875లో దాని పేరుకు ‘రాయల్’ చేరింది. రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్‌గా పేరు పొందిన ఆ సంస్థ 1987 నుంచి హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ఉంది.

ఈ పాఠశాల పనులను 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చూసిన కాండేస్ వీలర్ మరుసటి ఏడే న్యూయార్క్‌లో సొసైటీ ఆఫ్ డెకరేటివ్ ఆర్ట్ స్థాపనకు పూనుకున్నారు. 1896లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డీర్‌ఫీల్డ్ గ్రామంలో మార్గరెట్ వైటింగ్, ఎలెన్ మిల్లర్ ఒక సంఘం పెట్టారు. పాత ఇళ్లలో శిథిలమవుతున్న 18వ శతాబ్దపు ఉన్ని ఎంబ్రాయిడరీల నమూనాలను నకలు తీసి, ముఖ్యంగా నీలి ఛాయల దారాలతో గ్రామ స్త్రీల చేత కుట్టించారు. తమ పనులపై రాట్నం నడుమ ‘డి’ అక్షరం గుర్తు వేసేవారు. ఆ గుర్తు సంఘానిది, కుట్టినవారిది కాదు.

*లీక్ సంఘం.* ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో లీక్ పట్టు పరిశ్రమకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఎలిజబెత్ వార్డిల్ స్థాపించిన ఎంబ్రాయిడరీ సంఘానికి భారతదేశంతో సూటి సంబంధం ఉంది. ఆమె భర్త థామస్ వార్డిల్ అద్దకం నిపుణుడు. రంగు సరిగా పట్టని మన దసలి పట్టుకు, అంటే టస్సర్‌కు, రంగులు అద్దే మార్గాలు కనిపెట్టి 1878 పారిస్ ప్రదర్శనలో చూపినవాడు. కవి, రూపకర్త విలియం మోరిస్ సహజ రంగుల అద్దకం నేర్చుకున్నది ఈయన దగ్గరే. లీక్ స్త్రీలు టస్సర్ బట్ట మీద టస్సర్ దారంతో కుట్టేవారు. ఎన్నో చోట్ల భారతీయ అచ్చు నమూనాల గీతల మీదనే వారి సూది నడిచింది.

ఈ సంఘం చేసిన పెద్ద పని బేయూ కృతికి పూర్తి పరిమాణంలో నకలు. 1885లో మొదలుపెట్టి, సుమారు 70 మీటర్ల పనిని 35 మంది స్త్రీలు ఏడాది పైచిలుకు కాలంలో పూర్తి చేశారు. ఉన్ని దారాలకు రంగులు వార్డిల్ అద్దకపు శాలలో వేశారు. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఫొటోల ఆధారంగా తీసిన చిత్రాలే వారికి నమూనా. అందులో కొన్ని నగ్న రూపాలకు అప్పటికే బట్టలు గీసి ఉన్నాయి. స్త్రీలు ముందున్నది ఉన్నట్టే కుట్టారు. నకలు ఎప్పుడూ చేతికందిన నమూనాకే నకలు అనడానికి ఇది మంచి నిదర్శనం. మూలకృతిని కుట్టినవారిలో ఒక్కరి పేరూ తెలియదు. లీక్ స్త్రీలు మాత్రం తాము కుట్టిన భాగం కింద తమ పేరు కుట్టుకున్నారు. ఈ నకలు 1895 నుంచి రెడింగ్ పట్టణానికి చెందింది, అక్కడి మ్యూజియంలో ఉంది.

*20వ శతాబ్దం.* 1906లో రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ పూర్వ విద్యార్థినులు 16 మంది ఒక సంఘంగా ఏర్పడ్డారు. అదే తరువాత ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ అయింది. 1920లో దాని తొలి అధ్యక్షురాలైన లూయీసా పెసెల్ అంతకు ముందు ఏథెన్స్‌లో సూదిపని, లేసు పాఠశాల నడిపారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రాడ్‌ఫర్డ్‌లో మానసికంగా దెబ్బతిన్న సైనికులకు ఎంబ్రాయిడరీ నేర్పారు. 1930లలో వించెస్టర్ కథీడ్రల్ కోసం స్వచ్ఛంద కుట్టుపనివారి బృందాన్ని నడిపి, సిబిల్ బ్లంట్ రూపకల్పనలతో వందల మోకాలి దిండ్లు, ఆసనపు దిండ్లు కుట్టించారు. ఊళ్లలో సూదిపని బృందాలు చర్చిల కోసం దిండ్లు కుట్టే అలవాటుకు వించెస్టర్ పని నమూనాగా నిలిచింది.

1958లో లండన్ గిల్డుకు అమెరికా శాఖ ఏర్పడింది. 1970లో అది విడిపోయి ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికాగా స్వతంత్రమైంది. దాని ప్రధాన కార్యాలయం కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఉంది. ఆస్ట్రేలియాలో రాష్ట్రానికో గిల్డు ఏర్పడింది. విక్టోరియా గిల్డు 1960 నాటిది.

నిర్మాణం, సమావేశాలు

పెద్ద గిల్డులలో సాధారణంగా మూడు అంచెలు ఉంటాయి: ఊరి శాఖ, ప్రాంతీయ మండలి, జాతీయ సంస్థ. జాతీయ సంస్థ పత్రిక, ధ్రువపత్రాలు, దూరవిద్య పాఠాలు, పాత ఎంబ్రాయిడరీల సేకరణ చూసుకుంటుంది. సభ్యుల దైనందిన బంధం మాత్రం ఊరి శాఖతోనే. శాఖ నెలకోసారి గ్రంథాలయపు గదిలోనో చర్చి హాలులోనో సమావేశమవుతుంది. ముందు లెక్కలూ ప్రకటనలూ, తరువాత ఆ నెల పాఠం, చివర సభ్యులు తాము పూర్తిచేసిన పనులను చూపించడం రివాజు.

చివరి భాగం వేడుకగా కనిపించినా బోధనలో దానికి పెద్ద చోటు ఉంది. పని చేతులు మారుతుంది, తిరగేసి వెనకవైపు చూస్తారు, దారం కొసను ఎక్కడ ముగించారో, ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు దారం ఎలా దాటించారో అడుగుతారు. పుస్తకంలోని బొమ్మ కుట్టు ముందువైపునే చూపుతుంది. 1886లో తెరేజ్ ద దిల్మాన్ రాసిన సూదిపని విజ్ఞాన సర్వస్వం ఎన్నో భాషల్లోకి వెళ్లి, తరాల తరబడి ఇళ్లలో గురువుగా నిలిచింది. అయినా దారం ఎంత బిగించాలి అన్నది పక్కన కూర్చున్నవారి వేళ్లు చూస్తేనే తెలుస్తుంది.

శాఖలలో వయసు తేడా ఎక్కువ. యాభై ఏళ్లుగా కుట్టేవారూ మొదటిసారి రింగు పట్టినవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. చూపు తగ్గి కుట్టలేనివారు తమ దారాలు, పుస్తకాలు శాఖకు ఇస్తారు. శాఖ వాటిని తక్కువ ధరకు అమ్మి ఆ డబ్బుతో శిక్షకులను పిలిపిస్తుంది.

ప్రాజెక్టుల రకాలు

*శిక్షణ పనులు.* పాఠంలో భాగంగా అందరూ ఒకే నమూనా కుట్టేవి. ఇందులో ప్రాచీనమైనది సాంప్లర్. రకరకాల కుట్లను, అక్షరాలను ఒకే బట్ట మీద చేర్చి పెట్టుకునే ఈ నమూనా పట్టీ ఒకప్పుడు ఐరోపా బాలికల చదువులో భాగం. పిల్లలు దాని మీద తమ పేరు, వయసు, తేదీ కుట్టడం ఆనవాయితీ. పేర్లు అంతగా మిగలని ఈ కళలో పదేళ్ల పిల్లల పేర్లు పెద్ద సంఖ్యలో మిగలడానికి అదే కారణం.

*చేతులు మారే పనులు.* ఇందులో ప్రతి సభ్యురాలూ తన బట్టను పక్కవారికి ఇస్తుంది. అందరి బట్టలూ వంతులవారీగా తిరుగుతాయి. ఒక్కొక్కరు ఒక్కో భాగం కుట్టాక సొంతదారుకు చేరుతుంది. తన పనిని ఇతరుల చేతిలో పెట్టడం చాలామందికి మొదట కష్టమనిపిస్తుంది. నమ్మకం మీద నడిచే పని ఇది.

*సేవా పనులు.* ఆస్పత్రులలో పుట్టగానే పోయిన శిశువులకు చిన్న గౌన్లు, రోగులకు దిండ్లు, ఆశ్రమాలకు దుప్పట్లు.

*స్మారక పనులు.* ఊరి చరిత్ర, ఉత్సవం, ప్రజాభవనం కోసం చేసే పెద్ద ఉమ్మడి కృతులు. గిల్డు సామర్థ్యానికి అసలు పరీక్ష ఇక్కడే.

ఉమ్మడి పని నడిచే తీరు

చేతిరాత మనిషికో రకంగా ఉన్నట్టే కుట్టు బిగువు కూడా మనిషికో రకంగా ఉంటుంది. ఇరవై మంది కుట్టిన బట్ట ఒక చేతి పనిలా కనిపించాలంటే కొన్ని కట్టుబాట్లు తప్పవు.

మొదటిది దారం. ఒకే అంకె గల రంగైనా వేరువేరు అద్దకపు విడతల్లో కొద్దిగా ఛాయ మారుతుంది. కనుక మొత్తం పనికి కావలసిన లచ్చిలన్నీ ఒకేసారి కొంటారు. మామూలు నూలు దారం ఆరు పోగులుగా వస్తుంది. ఎక్కడ రెండు పోగులు, ఎక్కడ మూడు అన్నది ముందే రాసి పెడతారు. దారం ముక్క సుమారు మూరెడు ఉండాలి. అంతకు మించితే బట్టలోంచి పదే పదే దూరి నూగు లేస్తుంది, మెరుపు పోతుంది.

రెండోది దిశ. క్రాస్ స్టిచ్‌లో ప్రతి గడిలోనూ రెండు వాలు కుట్లు ఒకదానిపై ఒకటి వస్తాయి. పైకుట్టు అందరిదీ ఒకే వైపు వాలాలి. ఒక్కరు తిప్పి వేసినా వెలుతురు పడినప్పుడు ఆ చోటు మచ్చలా తేలుతుంది. శాటిన్ కుట్టుదీ ఇదే సంగతి, ఎందుకంటే అందులో రంగు కంటే దారం వాలే ఎక్కువగా కంటికి తగులుతుంది.

మూడోది వెనకవైపు. ముడులు వేయరు. దారం కొసను అప్పటికే ఉన్న కుట్ల కిందుగా దూర్చి ముగిస్తారు. ముడి ఉంటే ఫ్రేములో బిగించినప్పుడు ముందువైపు బొడిపెలా పొంగుతుంది.

వీటన్నిటికీ ముందు, పనిలో చేరే ప్రతివారూ చిన్న బట్ట మీద మాదిరి కుట్టి చూపుతారు. దాన్ని బట్టి సమన్వయకర్త ఎవరికి ఏ భాగమో నిర్ణయిస్తారు. ముఖాలు, చేతులు అనుభవం ఉన్నవారికి, ఆకాశం, నేల కొత్తవారికి వెళ్తాయి. బాగా కుదరని భాగాన్ని విప్పించాలా వద్దా అన్నది శాఖల్లో ఎప్పుడూ ఉన్న వివాదం. అంతా ఒకే చేతి పనిలా ఉండాలని కొందరు, పలు చేతుల జాడే ఉమ్మడి కృతికి అందమని కొందరు వాదిస్తారు. స్మారక కృతులు ఇటీవలి కాలంలో రెండో వైపు మొగ్గుతున్నాయి.

ప్రసిద్ధ ఉమ్మడి కృతులు

*ఆస్ట్రేలియా పార్లమెంటు భవనపు ఎంబ్రాయిడరీ (1988).* కే లారెన్స్ రూపకల్పన. పొడవు 16 మీటర్లు, ఎత్తు 65 సెంటీమీటర్లు. దేశంలోని అన్ని రాష్ట్రాల ఎంబ్రాయిడరీ గిల్డుల నుంచి 500 మందికి పైగా సభ్యులు సుమారు 12,000 గంటలు కుట్టారు. కాన్‌బెరాలోని కొత్త పార్లమెంటు భవనానికి గిల్డులు దీన్ని కానుకగా ఇచ్చాయి. ఆ నేలలో మనుషులు స్థిరపడిన తీరు దీని ఇతివృత్తం.

*క్వేకర్ టాపెస్ట్రీ.* క్వేకర్ అనే క్రైస్తవ శాఖ చరిత్రపై 1981లో ఆన్ విన్-విల్సన్ తలపెట్టిన ఈ పనిలో 77 పలకలు ఉన్నాయి. 15 దేశాల నుంచి సుమారు 4,000 మంది చేయి వేశారు. అక్షరాలు వంపులలో కూడా స్పష్టంగా రావడానికి ఆమె ఒక కొత్త కుట్టు రూపొందించారు. దానికి క్వేకర్ కుట్టు అని పేరు. ఈ పలకలు ఇంగ్లండులోని కెండల్‌లో ఉన్నాయి.

*గ్రేట్ టాపెస్ట్రీ ఆఫ్ స్కాట్లండ్ (2013).* చిత్రకారుడు ఆండ్రూ క్రమీ రూపకల్పనలో 160 పలకలు. వెయ్యి మంది పైగా ఊరూరా బృందాలుగా కుట్టారు. దీనికి 2021లో గాలాషీల్స్‌లో సొంత భవనం ఏర్పడింది.

గిల్డు లేని చోట

సంఘం, సభ్యత్వం లేకుండానే కలిసి కుట్టిన సందర్భాలు గిల్డు చరిత్రకు పక్కగా నడుస్తాయి. 1912లో ఓటుహక్కు పోరాటంలో లండన్‌లోని హాలోవే జైలుకు వెళ్లిన స్త్రీలు ఒక చేతిరుమాలు మీద 66 మంది సంతకాలు కుట్టారు. 1942లో జపాను సైన్యం సింగపూర్‌లోని చాంగీ జైలులో నిర్బంధించిన స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కో చదరపు ముక్క కుట్టి క్విల్టులుగా కలిపారు. తాము బతికే ఉన్నామని పక్క శిబిరంలోని భర్తలకు తెలియజేయడం అందులోని ఆంతర్యం. అందుకే ముక్కల మీద పేర్లు కుట్టారు. ఆ క్విల్టులలో రెండు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఉన్నాయి.

1997లో లేడీ ఆన్ ట్రీ కృషితో మొదలైన ఫైన్ సెల్ వర్క్ బ్రిటన్ జైళ్లలో ఖైదీలకు, ఎక్కువగా పురుషులకు, ఎంబ్రాయిడరీ నేర్పి కూలి ఇస్తుంది. గిల్డులలో అనుభవం గడించిన స్వచ్ఛంద శిక్షకులు ఇటువంటి పనులకు అండ.

భారతదేశంలో

మన దేశంలో ఎంబ్రాయిడరీ బృందాలు అభిరుచి గిల్డుల కంటే ఉత్పత్తి సంఘాలుగా ఎదిగాయి. కరువు ఏడు 1969లో కచ్ గ్రామ స్త్రీల పనికి మార్కెట్టు చూపడానికి చందా ష్రాఫ్ ‘శృజన్’ ప్రారంభించారు. లక్నోలో చికన్ పనివారిని దళారుల నుంచి తప్పించడానికి 1984లో ‘సేవా’ సంఘం వచ్చింది. ఇక్కడ సభ్యత్వానికి అర్థం కూలి రేటు, ముడిసరుకు, గుర్తింపు. నెలకో సమావేశం కాదు.

తెలుగువారిలో సూదిపని సామూహిక శిక్షణకు దగ్గరి రూపం మహిళా మండలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ స్త్రీల చదువుతో పాటు వృత్తి శిక్షణను చేపట్టింది. కుట్టు మిషను, ఎంబ్రాయిడరీ రింగు, గొలుసు కుట్టు, కాడ కుట్టు ఊళ్లలోని మహిళా మండలుల ద్వారా ఎన్నో ఇళ్లకు చేరాయి.

*లంబాడీ ఎంబ్రాయిడరీ.* తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక తండాల్లో లంబాడీ స్త్రీలు పేట్యా అనే లంగా, కాంచళి అనే రవిక, తలపై కప్పుకునే తుక్రీల మీద అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగు దారాలతో చేసే పని ఇది. తల్లి నుంచి కూతురికి, తండా ఆడవాళ్ల మధ్య కూర్చునే నేర్పుతారు. బళ్లారి ప్రాంతపు సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపీలో జరిగిన జీ20 సమావేశాల సందర్భంగా సండూరు కుశల కళా కేంద్రానికి చెందిన 450 మందికి పైగా స్త్రీలు చేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది.

*నరసాపురం లేసు.* గోదావరి డెల్టాలో 19వ శతాబ్దపు మిషనరీలు నేర్పిన ఈ క్రోషా అల్లిక ఎంబ్రాయిడరీ కాదు. కొక్కెపు సూదితో దారాన్నే బట్టగా అల్లే పని. అయినా సూదిపని సంఘాల చర్చలో దీన్ని వదలడం కుదరదు. ఇక్కడ పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని కలిపి అతుకుపని చేసేవారు ఇంకొకరు, సరుకు పోగుచేసేవారు వేరొకరు, ఎగుమతి చేసేవారు మరొకరు. మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఈ స్త్రీలు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తూనే ‘ఇల్లాళ్లు తీరిక వేళ చేసే పని’ అన్న లెక్కలో పడిపోయి, కార్మికులుగా గుర్తింపు పొందని తీరును వివరించింది. అభిరుచిగా కుట్టేవారు పేరు కుట్టుకుంటున్న కాలంలోనే, దీనిపై బతికేవారి పేరు సరుకు మీద లేదు. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది ప్రాంతానికి, పనితనానికి వచ్చిన గుర్తింపు.

భద్రపరచడం, నమోదు

ఎంబ్రాయిడరీకి ప్రధాన శత్రువు వెలుతురు. మ్యూజియాలు సాధారణంగా బట్టలపై 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వవు. మడతల దగ్గర పోగులు తెగుతాయి కనుక పెద్ద పనులను ఆమ్లం లేని కాగితం వేసి గొట్టాలకు చుడతారు. జరీ ఉన్నవాటిని చుట్టకుండా పరిచి ఉంచుతారు.

గిల్డులు సభ్యులకు నేర్పే చివరి పాఠం చీటీ. పని పూర్తయ్యాక వెనకవైపు చిన్న నూలు గుడ్డ ముక్క కుడతారు. కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం, వాడిన దారం, రూపకల్పన ఎవరిది అన్నవి దాని మీద చెరగని సిరాతోనో దారంతోనో ఉంటాయి. ఉమ్మడి పని అయితే అందరి పేర్లూ ఒక పుస్తకంలో రాసి, ఏ గడి ఎవరిదో పటం గీసి పనితో పాటే ఉంచుతారు.